దగ్గు రాని చుట్ట

"...చుట్టల పక్కకు ఇంగువ డబ్బా వెడ్తరా ఎవలన్న? నువ్వే చెప్పు, వెడ్తరా?"

"వంటింట్ల ఇంగువ వెట్టక మల్లెపూలు వెడ్తరా? అసలు వంటింట్ల చుట్టలేంది? ముందుగాల గది చెప్పు."

"ఇంట్ల చల్లగుండేది గా మూలొక్కటే కమలా."

"అయితే పెట్టె తీసి నన్ను వెట్టు గా మూలకు. నాకు గూడ చల్లగుంటది."

మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న అమ్మాయి ఫక్కున నవ్వింది. చిక్కడపల్లిలోని ఆ సందులో గోడలు పలుచన. కింది వాటాలో మొగుడూ పెళ్లాల మాట మొదలైతే, పై అంతస్తులో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకంలో వేలు పెట్టుకుని వింటారు. నవ్వు వినపడేసరికి కుమారస్వామి గొంతు తగ్గించాడు. ఇంగువ డబ్బా తనే తీసుకెళ్లి పొయ్యి పక్క గూట్లో పెట్టాడు. తిరిగి వచ్చి, మూలనున్న టేకు పెట్టె మూత ఎత్తి, ముఖం దగ్గరగా వంచి కళ్లు మూసుకున్నాడు.

"పట్టిందా వాసన?" అంది కమల. ఇంతసేపూ పోట్లాడిన గొంతు కాదు అది.

"పట్టలే. ఇంకొక్క దినమైతే పట్టేది. పొగాకు చుట్టూత ఏముంటే గది గుంజుకుంటది. ఒద్దనుడు దానికి రాదు."

ఆ పెట్టెలోని చుట్టల్లో ఒక్కటి కూడా కుమారస్వామిది కాదు. అతను మానేసి తొమ్మిదేళ్లయింది. అప్పట్లో పొద్దున లేస్తే దగ్గు, పడుకుంటే దగ్గు. ఒకనాడు కమల, "నువ్వు చుట్ట బంద్ చేసేదాక నేను చాయ్ తాగ" అంది. చాయ్ గొంతు దిగనిదే వాకిలి ఊడవని మనిషి. మొదటి రోజు అతను నవ్వాడు. మూడో రోజు తలకు గుడ్డ బిగించి కట్టుకుని వంట చేస్తున్న ఆమెను చూసి బతిమాలాడు. పదకొండో రోజు పొద్దున్నే తానే చాయ్ కాచి గ్లాసు ఆమె ముందు పెట్టాడు. జేబులో ఉన్న రెండు చుట్టలూ తీసుకెళ్లి సందు చివర చెత్తకుండీలో వేసి వచ్చాడు. ఆ తర్వాత ఒక్క పొగ కూడా లోపలికి తీయలేదు. వాసన మీద ఇష్టం మాత్రం పోలేదు. దాన్ని గురించి కమల ఏమీ అనలేదు. వాసనకు ఎవరూ చావరు కదా అనుకుంది.

పెట్టెలో ఉన్నవి ముగ్గురివి. నాగేందర్ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయినవాడు. అతని భార్య ఇంట్లో అగ్గిపుల్లలకు కూడా హాజరు వేస్తుందని మిగతావాళ్ల వేళాకోళం. తిమ్మప్ప మహబూబ్‌నగర్ నుంచి వచ్చి నలభై ఏళ్లు తాపీ పట్టిన మేస్త్రీ. అడిక్‌మెట్ దగ్గర బస్తీలో రేకుల గది. ఎండాకాలం ఆ రేకుల కింద చుట్ట పెడితే నాలుగు రోజుల్లో పొట్టు రాలుతుంది. మూడోవాడు మొగిలయ్య. ముప్పై రెండేళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. భార్య పోయాక అశోక్‌నగర్‌లో కూతురు జ్యోత్స్న దగ్గర ఉంటున్నాడు. ఆమె పరీక్షలకు చదివే ఆడపిల్లల కోసం ఇరవై మంచాల హాస్టల్ నడుపుతుంది. కింది గది తండ్రికి ఇచ్చిన రోజే, "నాయినా, బిల్డింగ్‌ల చుట్ట వాసన వచ్చిందంటే పిల్లల తల్లిదండ్రులు తెల్లారేసరికి సామాన్లు కట్టిస్తరు" అని చెప్పింది.

అది జరిగిన వారానికి, అయిదేళ్ల కింద, మొగిలయ్య ఒక చుట్టల కట్ట పేపర్లో చుట్టుకుని కుమారస్వామి ఇంటికి వచ్చాడు.

"అన్నా, జర నీ దగ్గరుంచు. తాగెటోని దగ్గర వెడితే మిగలయి. నీ దగ్గరయితే ఫికర్ లేదు."

కుమారస్వామి కట్ట విప్పి చూశాడు. పై ఆకులు చిట్లి ఉన్నాయి. వేలితో తాకితే పొడి రాలింది. ఎంత ప్రేమగా దాచుకున్నాడో గానీ, ఎక్కడ దాచుకున్నాడో తలుచుకుంటే అతనికి బాధేసింది. "బీరువ మీద వెట్టిన్నే, ఫ్యాన్ గాలి తగులుతదని" అన్నాడు మొగిలయ్య.

"గాలి తగిలితె ఆరేది బట్టలు మొగిలయ్యా. ఇది ఆకు" అన్నాడు కుమారస్వామి.

ఆకు సంగతి అతనికి కాగితం నేర్పింది. నారాయణగూడలో, ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్నచోటికి ఎదురుగా, ఒక పాత ప్రెస్సు ఉండేది. అందులో ముప్పై ఏళ్లు కాగితాల గోదాం అతని చేతిలో ఉంది. కాగితం రాళ్లలా కదలకుండా పడి ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. అది రోజంతా నీళ్లు తాగుతూనో వదులుతూనో ఉంటుంది. ఎండాకాలం అంచులు పైకి లేస్తాయి. వానాకాలం మధ్యలో అలలు పడతాయి. అలాంటి కాగితం మెషిన్ ఎక్కితే ఒక రంగు ఒకచోట, ఇంకో రంగు ఇంకోచోట పడుతుంది. అందుకని కొత్త సరుకు వస్తే మూడు రోజులు గదిలో ఊరికే ఉంచేవాడు. మే నెలలో నేల మీద తడి గోనెసంచులు పరిచేవాడు. షీటు అంచు పట్టుకుని ఒక్కసారి ఆడిస్తే వచ్చే చప్పుడును బట్టి పనికొస్తుందో లేదో చెప్పేవాడు. సేటు కొడుకు ఎక్కడి నుంచో తేమ చూపే గడియారం తెచ్చి గోడకు తగిలించాడు గానీ, మెషిన్ మీది మనుషులు గోదాం గుమ్మంలోకి వచ్చి కుమారస్వామినే అడిగేవారు.

పుస్తకాలు అచ్చు వేసే పని తగ్గి ప్రెస్సు మూతపడింది. మెషిన్లు తూకానికి పోయాయి. బొమ్మల బ్లాకులు దాచే టేకు పెట్టెను ఎవరూ అడగలేదు. మధ్యలో రెండు చెక్కలతో మూడు అరలు ఉన్న పెట్టె. దాన్ని కుమారస్వామి ఇంటికి తెచ్చుకున్నాడు. మూడేళ్లు అందులో కమల పాత చీరలు ఉన్నాయి. మొగిలయ్య కట్ట వచ్చాక చీరలు బయటికి వచ్చాయి.

పెట్టెను కడగలేదు. పొడి గుడ్డతో తుడిచి, పదిహేను రోజులు మూత తీసి నీడలో ఉంచాడు, చీరల్లో వేసిన డాంబర్ గోలీల వాసన పోవాలని. తర్వాత కుమ్మరి దగ్గర కొత్త కుండ కొని పగలగొట్టాడు. "నీళ్లు తాగనీకె కొనుక్కొస్తున్నవనుకున్న" అని కమల తల పట్టుకుంది. ఆ పెంకుల్లో ఒకటి నీళ్లలో నానబెట్టి, పైన ఒక్క చుక్క కూడా లేకుండా తుడిచి, చిన్న రేకు మూతలో పెట్టి పెట్టె మూలన ఉంచేవాడు, చుట్టలకు తగలకుండా. పెంకు తన తేమను నెమ్మదిగా వదులుతుంది. ఎక్కువైందో లేదో తెలియడానికి సీసా మూతలో చిటికెడు ఉప్పు. ఉప్పు పొడిగా రాలితే పరవాలేదు. తడి తేలి మెరిస్తే పెంకు తీసేసి, ఒక పూట అద్దుడు కాగితం పరిచేవాడు. ఏప్రిల్‌లో రోజు విడిచి రోజు పెంకు మార్చాలి. ముసురు పట్టిన రోజుల్లో అసలు పెట్టకూడదు. సుల్తాన్ బజార్ నుంచి వచ్చిన కొత్త కట్ట వారం రోజులు విడిగా ఉండి, అప్పుడు పెట్టెలోకి పోవాలి. చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే గుడ్డతో తుడిస్తే చాలు. పచ్చగా నూగు లేస్తే దాన్ని పక్కవాటి నుంచి వెంటనే వేరుచేసి పారేయాలి. ఈ అయిదేళ్లలో నూగు లేచింది ఒక్కసారే, ఒకే ఒక్క చుట్ట. ఆ రోజు కుమారస్వామి అన్నం సరిగా తినలేదు.

మొగిలయ్య చెప్పగా తిమ్మప్ప వచ్చాడు. తిమ్మప్ప చెప్పగా నాగేందర్ వచ్చాడు. మూడు అరలూ నిండాయి.

రోజూ పది గంటలకు కుమారస్వామి ముగ్గురి చుట్టలూ చిన్న డబ్బాలో పెట్టుకుని నారాయణగూడ నడిచి వెళ్లేవాడు. మూతపడ్డ ప్రెస్సు అరుగు ఇంకా ఉంది. షట్టర్ మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి. ఆ అరుగు మీద నలుగురూ కూర్చునేవారు. మొగిలయ్య తన చుట్టను చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్లతో మెల్లగా నలిపేవాడు. కరకర అనకూడదు. అనేది కాదు. అతను తల ఆడించి అంటించేవాడు.

"బయట కొన్నది తాగితే గొంతుల తుమ్మకొమ్మ ఇరికినట్టుంటది. కుమారన్న చుట్టకు దగ్గు రాదు" అనేవాడు పొగ వదులుతూ.

"నేను కోర్టుల సాక్ష్యం జెప్త" అనేవాడు నాగేందర్.

"నువ్వు సాక్ష్యం జెప్తే గెల్సిన కేసు గూడ వోతది సారూ" అనేవాడు తిమ్మప్ప.

కుమారస్వామి కొంచెం దూరంగా, గాలి తనవైపు వీచేచోట కూర్చుని నవ్వేవాడు. ఆ ఒక్కమాట వినడానికే అంత దూరం నడిచి వచ్చేవాడని చెప్పాలి. గోదాం పోయాక అతని చేతి పనిని మెచ్చుకున్నవాళ్లు వీళ్లే.

దగ్గే చుట్ట చేసే చెరుపు అని ఆ నలుగురి నమ్మకం. దగ్గు లేకపోతే చెరుపు లేదు. ఎండిన చుట్ట గొంతు కొరుకుతుంది, తేమ పదునులో ఉంచిన చుట్ట కొరకదు. ఇందులో అనుమానించడానికి ఏముంది? తన దగ్గు కూడా ప్రెస్సు క్యాంటీన్‌లో దొరికే ఎండు చుట్టల వల్లే వచ్చిందని, అప్పుడే ఈ పద్ధతి తెలిసి ఉంటే మానాల్సిన పని ఉండేది కాదని కుమారస్వామి ఒక్కోసారి అనుకునేవాడు. కమల ముందు మాత్రం ఎన్నడూ అనలేదు. రోజుకు ఒకటి తీసుకునే మొగిలయ్య రెండు తీసుకోసాగాడు. ఏడాదిగా మూడు. "గొంతుకు తెలుస్తనే లేదన్నా" అనేవాడు. కుమారస్వామికి అది మెప్పులాగే వినపడేది.

ఏప్రిల్ రెండో వారంలో జ్యోత్స్న వచ్చింది. మిట్టమధ్యాహ్నం స్కూటీ దిగి, ముఖానికి కట్టుకున్న చున్నీ విప్పుతూ గుమ్మంలో నిలబడింది. అంతకుముందు ఆమె ఆ ఇంటికి ఎన్నడూ రాలేదు. కమల మంచినీళ్లు ఇచ్చి, ఫ్యాన్ పెంచి, పక్కన కూర్చుంది.

"మా నాయినయి మీ దగ్గర ఉన్నయట గద కాకా."

కుమారస్వామి తల ఊపాడు.

ఆమె అరవలేదు. అరిస్తే అతనికి సులువుగా ఉండేది. రెండు రోజుల కింద నీళ్ల డబ్బా ఎత్తబోయి తండ్రి మెట్ల మీద కూలబడ్డాడని చెప్పింది. పెదవులు నల్లబడ్డాయట. ఊపిరి అందక చేతులతో గాలిని పట్టుకోబోయాడట. ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. మిషన్‌లోకి ఊదించారు. ఊపిరితిత్తులు సగం కూడా పనిచేయడం లేదన్నారు.

"డాక్టరు దగ్గు ఎప్పటిసంది ఉన్నదని అడిగిండు. నేనే ముంగట వడి చెప్పిన, మా నాయినకు దగ్గు లేదు సార్, అయిదేండ్ల కిందనే చుట్ట మానేసిండని. డాక్టరు నాయిన చెయ్యి వట్టుకొని, వేళ్లకున్న పొగాకు మరకలు నాకు చూపిచ్చిండు. గప్పుడు నాయిననే మీ పేరు చెప్పిండు."

కమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దగ్గు లేదంటే పొగ లోపలికి వోలేదని కాదమ్మ అన్నడు. కొరికితే మనిషి సగం పొగ బయటనే వదుల్తడు, కొరకకుంటే లోపటి దాక గుంజుతడు అన్నడు."

కుమారస్వామి వంటింటి మూలకు చూడకుండా ఉండాలనుకున్నాడు. చూశాడు.

"నువ్వు ఆయనకు ఇయ్యకు కాకా. గిదే అడగొచ్చిన."

"బిడ్డా, అవి నావి కావు. దాచుమని ఇచ్చిండు. ఆయనయి ఆయనకియ్యకుంట ఎట్లుంట?"

"పారెయ్యమంటలేను. ఇయ్యకు అంటున్న."

"ఇయ్యకుంటే బయట కొంటడు."

"కొననీ." ఆమె గ్లాసు కింద పెట్టింది. "బయట కొన్నది తాగితే దగ్గుతడు. నాకు వినవడ్తది. నీ పెట్టెలది తాగితే నాకు వినవడదు కాకా. అయిదేండ్లు నాకేం వినవడలే."

ఆమె వెళ్లాక కుమారస్వామి చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. కమల గ్లాసు తీసి కడిగి బోర్లించింది. ఆ రోజు పెంకు మార్చాల్సిన రోజు. నానబెట్టిన పెంకు నీళ్లలోనే ఉండిపోయింది.

మూడో రోజు మొగిలయ్య అరుగు దగ్గరికి ఆటోలో వచ్చాడు. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకు ఆటో ఎక్కిన మనిషి కాడు అతను. దిగి, రెండు మెట్లు ఎక్కి, షట్టర్‌కు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. చొక్కా జేబులో నీలం రంగు గొట్టం, పీల్చే మందు.

"ఏం మొగిలన్నా, పెన్ను కొన్నవా?" అన్నాడు తిమ్మప్ప, నవ్వించాలని.

"అవునే, నీకు వీలునామ రాద్దామని" అన్నాడు మొగిలయ్య. ఊపిరి తీసుకుని కుమారస్వామి వైపు చెయ్యి చాచాడు. "తియ్యి."

కుమారస్వామి డబ్బా తెచ్చాడు గానీ అందులో రెండే ఉన్నాయి.

"పెంకులు మారుస్తున్న మొగిలయ్యా. నీ అర ఆరాలె. ఎల్లుండి తెస్త."

నాగేందర్, తిమ్మప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏప్రిల్‌లో అర ఆరడం ఏమిటో వాళ్లకు అర్థం కాలేదు. మొగిలయ్యకు అయిందో లేదో తెలియలేదు.

"ఎల్లుండి మరువకు. ఇంట్ల గదుల కూసుంటే పిచ్చి లేస్తున్నదన్నా. పొద్దున గోలీలు, పగటికి గోలీలు. జ్యోత్స్న గాజు బొమ్మను చూసినట్టు చూస్తది. నాకు మిగిలింది నీ దగ్గరున్న గా నాలుగు చుట్టలే."

దారి పొడుగునా కుమారస్వామి తనకు తానే చెప్పుకుంటూ ఇంటికి వచ్చాడు. ఇవ్వనని ముఖం మీద చెప్పడం అతని వల్ల కాదు. దాచుకోమని ఇచ్చినవాడికి లేదనడం దొంగతనం కన్నా ఏం తక్కువ? ఇవ్వడమూ అతని వల్ల కాదు. రెండూ కాకుండా మూడో దారి ఒకటి ఉందని చిక్కడపల్లి మలుపు తిరిగేసరికి అతనికి తోచింది. జ్యోత్స్న నోటి మాటే అది. బయట కొన్న చుట్ట అయితే దగ్గు వస్తుంది, ఆమెకు వినపడుతుంది. పెట్టెలోని చుట్టను బయటి చుట్టలా చేయడం ఎంతసేపు?

ఇంటికి రాగానే మొగిలయ్య అరలోని చుట్టలన్నీ తీసి, న్యూస్ పేపర్లో పెట్టుకుని మేడ మీదికి ఎక్కాడు. మధ్యాహ్నపు ఎండ. సిమెంటు కాలుతోంది. పేపర్ పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చుట్టలను ఒక్కొక్కటిగా దూరదూరంగా పేర్చాడు. ముప్పై ఏళ్లలో ఒక్క కాగితాన్ని కూడా అతను ఎండలో పడేయలేదు.

బట్టలు తీయడానికి వచ్చిన కమల తీగ దగ్గరే ఆగిపోయింది.

"ఏంది, మిరపకాయలా?"

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. కాసేపటికి ఆమెకు అంతా అర్థమైంది.

"జ్యోత్స్న ఇయ్యొద్దన్నది. ఎండవెట్టి ఇయ్యమనలే."

"తానే మానుకుంటడు కమలా. దగ్గు వస్తే తానే..."

"నువ్వు మానుకున్నవా దగ్గు వస్తే? నేను పదకొండు దినాలు చాయ్ మానితే మానినవ్." ఆమె బట్టలు భుజం మీద వేసుకుంది. "దోస్తుకు నోటితోని జెప్పరాక ఎండతోని జెప్పిస్తున్నవ్."

ఆమె దిగిపోయింది. అతను నీడలోకి జరిగి అక్కడే కూర్చున్నాడు. రెండు రోజుల్లో చుట్టలు తేలికయ్యాయి. పై ఆకు రంగు పోయి, వేలు తగిలితే గరగరలాడాయి. రెండో రోజు సాయంత్రం వాటిని మళ్లీ పాత అరలో పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. విడిగా ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టాడు.

చెప్పిన రోజు మొగిలయ్య అందరికన్నా ముందే అరుగు మీద ఉన్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కుమారస్వామి డబ్బా తెరిచి అతని చుట్ట అతనికి ఇచ్చాడు. మొగిలయ్య అలవాటు కొద్దీ చెవి దగ్గరికి తీసుకుపోయాడు. వేళ్లు నలపబోయి ఆగాయి. ఒక్క క్షణం కుమారస్వామి ముఖంలోకి చూశాడు. నోట పెట్టుకుని అంటించాడు.

రెండో పొగకే దగ్గు మొదలైంది. మొదట చిన్నగా. తర్వాత అతను ముందుకు వంగిపోయాడు. తిమ్మప్ప లేచి వీపు రాశాడు. నాగేందర్ పక్క దుకాణం నుంచి నీళ్ల సీసా తెచ్చాడు. మొగిలయ్య మెడ నరాలు తేలాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి. దగ్గుకూ దగ్గుకూ మధ్య ఊపిరి తీసే చప్పుడు పాత బస్సు గేరు పడనప్పటి చప్పుడులా ఉంది. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగిన వాళ్లు తలలు తిప్పి చూశారు. కుమారస్వామి అతని జేబులోని గొట్టం తీసి చేతిలో పెట్టాడు. మొగిలయ్య రెండుసార్లు పీల్చాడు. కొంచెం కొంచెంగా తెరిపిన పడ్డాడు.

చుట్ట అరుగు కింద పడి పొగలు కక్కుతోంది. తిమ్మప్ప చెప్పుతో ఆర్పాడు.

"ఎండవెట్టినవ్" అన్నాడు మొగిలయ్య.

కుమారస్వామి డబ్బా మూత పెట్టాడు.

"నువ్వు. నాది. ఎండవెట్టినవ్."

"ఎన్నడు చెయ్యనోనివి గిదేం పని కుమారన్నా?" అన్నాడు తిమ్మప్ప. ఆ ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"జ్యోత్స్న వచ్చింది ఇంటికి" అన్నాడు కుమారస్వామి.

"రానీ. వచ్చి ఇయ్యొద్దన్నది. నాకు ఎర్కనే. మొన్న నీ డబ్బల రెండే ఉన్నప్పుడే ఎర్కయింది." మొగిలయ్య ఆగి ఆగి మాట్లాడాడు. "'ఇయ్య' అని నోటితోని అను. కొట్లాడుకుందుము. అరుగు మీద నాలుగు మాటలు తిడుదును, రేపు మల్ల వద్దును. బస్సు బ్రేకులు వడ్తలెవ్వంటే వడ్తలెవ్వని మొఖం మీద జెప్పెటోడు మెకానిక్కు. నేను బండి తీసినంక గుట్ట దిగేకాడ తెల్వనిస్తవా నాకు?"

"నోరు రాలే మొగిలయ్యా."

"అయిదేండ్లు నా చుట్టలు నీ దగ్గర వెట్టింది నీ పెట్టె జూసి అనుకున్నవా?"

సిగ్నల్ పడి బండ్లు కదిలాయి. కుమారస్వామి అరుగు మీద మొగిలయ్య పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చునే దూరంలో కాదు, భుజం తగిలేటట్టు.

"నీ బిడ్డ నన్ను ఒక్క మాట తిట్టలే" అన్నాడు. "అయిదేండ్లు నాకేం వినవడలే అన్నది. గంతే అన్నది. నీ దగ్గు నేనే దాచిన మొగిలయ్యా. చుట్టలు దాస్తున్న అనుకున్న."

మొగిలయ్య ముఖం తుడుచుకున్నాడు. ఏదో అనబోయి, ఊపిరి చాలక, చెయ్యి మాత్రం ఎత్తి దించాడు.

"నీకు కూడ చెప్పకపోతి. మెత్తగున్నదంటే మూడు ఇచ్చిన. నాలుగడిగితే నాలుగిద్దును."

"నేనడిగిన, నువ్విచ్చినవ్. నా నోట్ల నువ్వు వెట్టలే" అన్నాడు మొగిలయ్య. కొంచెం ఆగి, "మిగిలినయి యాడున్నయి?" అని అడిగాడు.

"ఇంట్ల ఉన్నయి. అన్ని ఎండినయే."

"ఎండినయో పండినయో, నావి నాకియ్యి. తాగుతనో, పారేస్తనో, నా ముచ్చట అది."

నాగేందర్ గొంతు సవరించుకున్నాడు. "గదీ న్యాయమే కుమారన్నా. ఎవని సొత్తు వానికే చెందాలె."

"అవు" అన్నాడు కుమారస్వామి. లేచి నిలబడ్డాడు. పంచె దులుపుకున్నాడు. ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

"సాయంత్రం మీ ఇంటికొస్త మొగిలయ్యా. నీవన్ని తెచ్చి జ్యోత్స్న ముందట నీ చేతుల వెడ్త. అయిదేండ్లు ఏం జేసిన్నో ఆమెకు నేనే జెప్త. నాగేందర్ సాబ్, తిమ్మప్పా, మీవి రేపు పొద్దున వచ్చి తీస్కపోండ్రి. రేపటిసంది నా ఇంట్ల ఎవలి చుట్టలు ఉండయి."